ఉంగరం మింగిన ధూళి

ధూళమ్మ అసలు పేరేమిటో ఆ ఆఫీసులో సగంమందికి తెలియదు. జీతాల గుమాస్తాకి తెలుసు, ఆవిడకి తెలుసు. మిగతావాళ్లందరికీ ఆవిడ ధూళమ్మే. ఆవిడ పరిశోధన ధూళిమీద. మంచం కింద పేరుకునే ధూళి కాదు, ముసలి నక్షత్రాలు దగ్గి దగ్గి తమ చుట్టూ పోసుకునే ధూళి. చేరిన కొత్తలో ఎవరో కొంటెగా ఆ పేరు పెట్టి పిలిచారు. ఆవిడ "ఆఁ, ఏంటి?" అని పలికింది. పలికాక ఇంకేముంది, పేరు అతుక్కుపోయింది.

మనిషి పొట్టి. నడక వేగం, నోరు అంతకన్నా వేగం. "నీ నోటికి గేర్లు లేవోయ్, బయల్దేరితే ఒకటే స్పీడు" అనేవాడు ఆవిడ భర్త. ఆయన సిటీ బస్సు డ్రైవరు. పొద్దున ఆయన బస్సులోనే ఆవిడ ఆఫీసుకి వెళ్లేది. అందరిలాగే టికెట్టు కొనుక్కుని, డ్రైవరు వెనక సీట్లో కూర్చునేది.

ఆవిడ పుట్టింది ఇస్త్రీ కొట్టులో అంటే అతిశయోక్తి కాదు. వాళ్లమ్మ బట్టలు ఇస్త్రీ చేసే బల్ల కిందే పిల్ల ఆటలూ, చదువూ, నిద్రా. పెట్టె ఎంత కాలిందో తెలుసుకోవడానికి వాళ్లమ్మ దాన్ని ముట్టుకునేది కాదు. చెంపకి జానెడు ఎడంగా పట్టుకుంటే చాలు, పట్టుబట్టకి పనికొస్తుందో నూలుబట్టకి పనికొస్తుందో చెప్పేసేది. పిల్లకీ ఆ విద్య అబ్బింది.

బడిలో ఒకరోజు సైన్సు మాస్టారు గాజుముక్కలోంచి ఎండని పోనిచ్చి గోడమీద రంగులు చూపించారు. కర్ర చివరతో ఎరుపు అంచుని తట్టి, "ఇక్కడితో వెలుగు అయిపోయింది. అవతల ఏమీ లేదు" అన్నారు.

"ఏమీ లేదా, కనబడదా మాస్టారూ?" అంది పిల్ల.

"రెండూ ఒకటే. కూర్చో."

"ఒకటెలా అవుతుంది? మా ఇస్త్రీపెట్టె ఎర్రగా ఉండదు. అయినా కాలుతుంది. కావాలంటే మీ చెయ్యి పెట్టి చూడండి."

తరగతి గొల్లుమంది. మాస్టారు పిల్లని వరండాలో నిలబెట్టారు. అక్కడ నిలబడి కూడా కిటికీలోంచి "ఉంది మాస్టారూ, ఉంది" అంటూనే ఉందట. పెద్దయ్యాక పుస్తకాల్లో ఎరుపు అవతలి వెలుగుకి పరారుణం అని పేరుందని చదివినప్పుడు ఆవిడకి కలిగింది జ్ఞానోదయం కాదు, గెలిచానన్న సంబరం. వెంటనే వెళ్లి చెప్పాలనుకుంది గానీ మాస్టారు అప్పటికే పోయారు.

చదువు ఆపెయ్యమని ఇంట్లో వాళ్లూ వీళ్లూ చెప్పినప్పుడల్లా ఆవిడ ఒకటే అడిగేది. "ఆపి ఏం చెయ్యమంటారు?" వాళ్లు చెప్పింది నచ్చితే ఆపేద్దామనే అనుకునేది. ఒక్కసారీ నచ్చలేదు.

అలా చదువుకుంటూ చదువుకుంటూ పెద్దసారు దగ్గర పనిలో చేరింది. పెద్దసారంటే ఆ పరిశోధనశాలకి పెద్ద. ముసలి నక్షత్రాలు ఒళ్లు ఎలా పోగొట్టుకుంటాయన్నది ఆయన జీవితమంతా చేసిన పని. నక్షత్రం ముసలిదైతే ఉబ్బుతుంది. ఉబ్బి, పైపొరల్ని పట్టుకునే ఓపిక లేక వదిలేస్తుంది. వదిలిన వాయువు దూరం వెళ్లి, చల్లబడి, మసిలాగా సన్నటి ఇసుకలాగా మారుతుంది. అదే ధూళి. అది నక్షత్రం వెలుగుని తాగి, వెచ్చబడి, కంటికి కనబడని పరారుణంలో వెలుగుతుంది. నేలమీద నుంచి దాన్ని చూడబోతే మన గాలీ వెచ్చనే, మన దుర్భిణీ వెచ్చనే. కొలిమిలో కూర్చుని పక్కింటి అగ్గిపుల్లని వెతికినట్టు ఉంటుంది. అందుకని నాలుగైదు దేశాలవాళ్లు కలిసి ఒక దుర్భిణిని అంతరిక్షంలోకి పంపారు. ద్రవ హీలియంతో దాన్ని గడ్డకట్టే చలిలో ఉంచి చూశారు. హీలియం ఉన్నన్నాళ్లే దాని చూపు. అది ఆవిరైపోయింది, చూపు పోయింది. కొత్త బొమ్మలు ఇక రావు. వచ్చిన బొమ్మల్లోంచి ఏ నక్షత్రం ఏడాదికి ఎంత పోగొట్టుకుంటోందో లెక్కగట్టి, పెద్ద పట్టికగా అచ్చువెయ్యడమే మిగిలింది.

ఆ పట్టికలో మొదటి పేరు పెద్దసారుది. రెండో పేరు ధూళమ్మది. దుర్భిణి ఇంకా కాగితంమీద గీతలుగా ఉన్నప్పటినుంచి పనిచేసిన మనిషికి ఆ రెండో పేరు ఊరికే రాలేదు. ఆవిడ పేరు అంత పైన అచ్చయ్యే పని ముందెప్పుడూ రాలేదు, ఇంకోటి వస్తుందన్న నమ్మకమూ లేదు.

లెక్కగట్టే పద్ధతి పెద్దసారుదే. బొమ్మలో నక్షత్రం చుట్టూ ఒక వృత్తం గీస్తారు. దానికి కాస్త ఎడంగా, చుట్టూ ఒక ఉంగరం. ఆకాశం ఖాళీగా ఉన్నచోట కూడా పరారుణంలో నల్లగా ఉండదు, సన్నగా మెరుస్తూనే ఉంటుంది. ఉంగరంలో కనబడే వెలుగు ఆ ఖాళీ ఆకాశానిదే అనుకుని, అంత వెలుగుని వృత్తంలోంచి తీసేస్తారు. మిగిలింది నక్షత్రానిదీ దాని ధూళిదీ. పాత దుర్భిణుల్లో నక్షత్రమూ ధూళీ కలిసి ఒకే చుక్కగా కనబడేవి కాబట్టి, ఈ పద్ధతి వంక పెట్టడానికి లేనట్టు పనిచేసింది. ప్రపంచమంతా దాన్ని పెద్దసారు ఉంగరం అనే పిలిచేది. ధూళమ్మకి ఆ ఉంగరం గియ్యడం నేర్పిందీ ఆయనే, పక్కన కుర్చీ వేసుకుని, విసుక్కోకుండా.

పట్టిక పూర్తి కావచ్చిన రోజుల్లో, ధూళమ్మ దగ్గర డిగ్రీకి చదువుతున్న అమ్మాయి నక్షత్రాల్ని దూరం ప్రకారం వరసపెట్టింది. ఆ అమ్మాయిని అందరూ చిన్నది అనేవాళ్లు. ఎత్తులో మాత్రం ధూళమ్మకి అది ఒకటిన్నర.

"మేడమ్, ఇటు చూడండి" అంది చిన్నది. "దగ్గరున్న నక్షత్రాలన్నీ పిసినారులు. దూరంగా ఉన్నవన్నీ దుబారా మనుషులు."

"మనకి దూరమైతే చెయ్యి జారుతుందేమో" అని నవ్వింది ధూళమ్మ. నవ్వు సగంలో ఆగిపోయింది.

నక్షత్రానికి మనం దగ్గరున్నామో దూరమున్నామో ఏం తెలుసు? అది మనల్ని చూసి ధూళి పోస్తుందా? దగ్గరి నక్షత్రం ధూళి ఆకాశంలో పెద్దగా పరుచుకుని కనబడుతుంది. ఈ కొత్త దుర్భిణి పదునైనది, ఆ పరుచుకున్న ధూళంతా చూసింది. అంటే ఖాళీ ఆకాశం అనుకుని ఉంగరం గీసినచోట కూడా ధూళే ఉంది. నక్షత్రం ధూళితోనే నక్షత్రం ధూళిని తీసేస్తున్నారు.

"కంచే చేను మేస్తోందే!" అంది ధూళమ్మ.

ఆ సాయంత్రం ఇంట్లో కూరగాయలు తరుగుతూ అత్తగారికి ఇదంతా చెప్పింది. అత్తగారికి వినికిడి తక్కువ, ఆసక్తి ఎక్కువ.

"అంటే ఏంటమ్మాయ్, దగ్గరున్నది ఎంత చేసినా లెక్కలోకి రావట్లేదంటావు?"

"అంతే అత్తయ్యా."

"అందులో వింతేముంది? దూరాన ఉన్న పెద్దకోడలు ఏడాదికో దుప్పటి పంపితే వీధంతా తిరిగి చెప్పుకుంటాను. ఇంట్లో ఉండి నా మందులు చూసే నిన్ను ఏనాడైనా లెక్కలో వేశానా? నా కళ్లలోనూ ఉంగరమే ఉంది." ముసలావిడ పళ్లులేని నోటితో నవ్వి, "నువ్వు మాత్రం ఊరుకోకు. నా దగ్గరైతే ఊరుకున్నావనుకో" అంది.

"ఎప్పుడూరుకున్నాను మీ దగ్గర?"

"అదీ నిజమే."

పెద్దసారు ధూళమ్మ మాట విని కోప్పడలేదు. "అనుమానం మంచిదే. రుజువు తీసుకురా" అన్నారు. రుజువు ఎలాగో ఆవిడకి తెలుసు. ధూళి ఎంతుందో మనకి ముందే తెలిసిన, మనమే కల్పించిన దొంగ నక్షత్రాన్ని బొమ్మలో పెట్టి, అసలు నక్షత్రాల్ని కొలిచిన దారిలోనే దాన్నీ కొలవాలి. పెట్టినంతా తిరిగొస్తే ఉంగరం నిర్దోషి. తక్కువొస్తే దొంగ దొరికినట్టే.

ఆత్రం మనిషి కదా, జవాబు వచ్చేలోపే వారపు సమావేశంలో అందరికీ చెప్పేసింది. "ఉంగరం ధూళిని మింగుతోంది. ఇదిగో, ఇప్పుడే మీ కళ్లముందే తేల్చేస్తాను" అంది. చిన్నది కంప్యూటరు మీట నొక్కింది. తెరమీద జవాబు వచ్చింది. పెట్టిన ధూళి అంతా, పిసరంత కూడా తగ్గకుండా తిరిగొచ్చింది.

గదిలో ఎవరో దగ్గారు. వెనకవరసలో ఎవరో "ధూళమ్మ కళ్లలోనే పడ్డట్టుంది ధూళి" అన్నారు. నవ్వులు. పెద్దసారు మాత్రం నవ్వలేదు, మెత్తగా, "ఉంగరం ఉంగరమేనమ్మా" అన్నారు. ఆ మెత్తదనమే ఆవిడకి ఎక్కువ గుచ్చుకుంది.

ఇంటికి వస్తూ బస్సులో మాట్లాడకుండా కూర్చుంది. డ్రైవరు అద్దంలోంచి చూశాడు.

"ఏమోయ్, గేరు పడలేదా ఇవాళ? మీ ముసలోడు ఓడిపోయాడా?" ఆవిడ నక్షత్రాలన్నిటికీ కలిపి ఆయన పెట్టిన పేరు ముసలోడు.

"వాడెందుకు ఓడిపోతాడు? నేను ఓడిపోయాను. నలుగురిలో నవ్వులపాలయ్యాను."

"ఓస్, నువ్వేనా! అయితే రేపు మళ్లీ పోట్లాడొచ్చు. వాడు ఓడితేనే కష్టం."

మర్నాడు ఇద్దరూ, ధూళమ్మా చిన్నదీ, ప్రోగ్రాముని మొదటి లైను నుంచి చదవడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం భోజనాలవేళకి చిన్నది నెత్తిమీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

"మేడమ్, నన్ను తిట్టండి."

"ముందు సంగతి చెప్పు. తిట్లు ఎక్కడికీ పోవు."

"దొంగ నక్షత్రాన్ని నేను శుభ్రం చేసిన బొమ్మలో పెట్టాను. ఉంగరం తన పని చేసేసి వెళ్లిపోయిన తర్వాతి బొమ్మలో."

ధూళమ్మ పడీపడీ నవ్వింది. "గదంతా ఊడ్చేశాక చెత్త పోసి, చీపురు ఏమీ ఎత్తలేదని సర్టిఫికెట్టు ఇచ్చామా! బాగుంది. తిట్టాలంటే ఇద్దర్నీ తిట్టాలి, నేనూ చూడలేదుగా. పద, దుర్భిణి పంపిన పచ్చి బొమ్మ తీయి."

పచ్చి బొమ్మలో దొంగ నక్షత్రాన్ని పెట్టారు. ముందు దూరపు నక్షత్రంలాగా, చిన్న చుక్కగా. ఇంచుమించు అంతా తిరిగొచ్చింది. తర్వాత దగ్గరి నక్షత్రంలాగా, పలచటి ధూళిని వెడల్పుగా పరిచి. సగానికి పైగా మాయం. నమ్మలేక ఇంకో బొమ్మలో, ఇంకో మూల పెట్టి చూశారు. అక్కడా అంతే. ఈసారి ధూళమ్మ ఎవరికీ ముందుగా చెప్పలేదు. ప్రోగ్రాముని చిన్నదాని చేత ఒకసారి నడిపించి, తను విడిగా ఇంకోసారి మొదటినుంచి నడిపాకే పెద్దసారు గది తలుపు తట్టింది.

ఆయన చాలాసేపు చూశారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు, మళ్లీ చూశారు.

"సరిగ్గానే చేశావు" అన్నారు.

"అయితే దగ్గరి నక్షత్రాల్ని మళ్లీ కొలుద్దాం సార్. ఉంగరాన్ని దూరంగా జరిపి, ధూళి లేనిచోట పెడదాం."

"అన్నిటికీ ఒకే పద్ధతి అని మాటిచ్చాం. కొన్నిటికి ఒకటి, కొన్నిటికి ఇంకొకటి అంటే పట్టికని ఎవరు నమ్ముతారు? మిగతా దేశాలవాళ్లు విడుదల తేదీ ప్రకటించేశారు." గొంతు తగ్గించి అన్నారు. "ఈ ఉంగరంతో ఎంతమంది ఎన్ని లెక్కలు కట్టారో నీకు తెలుసు. ఇప్పుడు నేనే లేచి అది తప్పంటే?"

"అప్పటి బొమ్మలకి అది ఒప్పే సార్. ఇప్పటి బొమ్మలకి తప్పు. మీ తప్పేముంది అందులో? దుర్భిణి బాగుపడింది, అంతేగా."

ఆ మాట ఆయనకి నచ్చింది గానీ చాల్లేదు. "పట్టిక చివర ఒక వాక్యం చేరుద్దాం. దగ్గరి నక్షత్రాల అంకెలు కాస్త తక్కువగా ఉండవచ్చు అని. నీ మాటా నిలబడుతుంది, పనీ ఆగదు."

"ఉండవచ్చు కాదు సార్, ఉన్నాయి. కాస్త కాదు, సగం."

"నీ పేరు రెండోది అమ్మా. ఆ సంగతి గుర్తుందా?"

"ఉంది. అందుకే చెప్తున్నాను. పదో పేరైతే నోరు మూసుకునేదాన్నేమో." అని, ఒక క్షణం ఆలోచించి, "లేదు లెండి, అప్పుడూ మూసుకునేదాన్ని కాదు" అంది.

పెద్దసారు మొహం బిగుసుకుంది. "ఆ వాక్యానికి ఒప్పుకుని పట్టికమీద సంతకం పెట్టకపోతే పేరు ఉండదు. నీ శిష్యురాలి డిగ్రీ కూడా ఈ పట్టికమీదే నడుస్తోంది. ఆ పిల్ల సంగతైనా ఆలోచించు."

ధూళమ్మ బయటికొచ్చి మెట్లమీద కూర్చుంది. తన పేరు సంగతి తనిష్టం. ఇంకొకరి చదువుమీద చెయ్యి వేసే హక్కు తనకెక్కడిది? చిన్నదాన్ని పిలిచి ఉన్నదున్నట్టు చెప్పింది.

"డిగ్రీ ఆలస్యం కావచ్చు. అసలు ఇరకాటంలోనే పడొచ్చు. నువ్వు వద్దంటే నేను ఆ వాక్యానికి ఒప్పేసుకుంటాను. నిన్ను ఒక్కమాట కూడా అనను."

చిన్నది గోళ్లు కొరుక్కుంటూ ఆలోచించింది. "తప్పు అంకెలమీద డిగ్రీ వస్తే మా అమ్మ దానికి ఫ్రేము కట్టించి హాల్లో తగిలిస్తుంది మేడమ్. రోజూ అన్నం తింటూ నేను దాన్ని చూడాలి. నావల్ల కాదు."

"ఆలోచించే చెప్తున్నావా?"

"భయపడుతూ చెప్తున్నాను. సరిపోతుందా?"

"బోలెడు" అంది ధూళమ్మ.

ఆ పూటే పట్టికలో పేర్లున్న అన్ని దేశాలవాళ్లకీ ఒకే ఉత్తరం పంపింది. 'దగ్గరి నక్షత్రాల అంకెలు తప్పు. ఉంగరంలో ధూళి ఉంది. మేము ఎలా పరీక్షించామో, మొదటిసారి ఎలా పొరబడ్డామో దీనితో జతచేశాను. ప్రోగ్రాము కూడా ఉంది, ఎవరైనా నడిపి చూసుకోవచ్చు. నా పేరు తీసెయ్యండి. దయచేసి అని రాయడం లేదు, ఇది విన్నపం కాదు.'

జవాబులు పెద్దగా రాలేదు. ఒకాయన ఇది పద్ధతి కాదని రాశాడు. ఒకావిడ ఆసక్తిగా ఉందని రాసి ఊరుకుంది. పెద్దసారు మాట్లాడటం మానేశారు. ధూళమ్మ బల్లని మేడమీంచి తీసి, కింద పాత యంత్రాలు పెట్టే గదికి మార్చారు. కిటికీకి సగం గాజు పగిలిపోయి అట్టముక్క అడ్డం పెట్టి ఉంది. చిన్నది కూడా తన కుర్చీ మోసుకుని దిగొచ్చింది. క్యాంటీన్లో జనం ఆవిడ రావడం చూసి గొంతు తగ్గించేవాళ్లు. ఆవిడ తన గొంతు ఇంకాస్త పెంచేది.

ఆ గదిలో కూర్చుని దగ్గరి నక్షత్రాల్ని ఒక్కోదాన్నీ మళ్లీ కొలవడం మొదలుపెట్టారు. ధూళి అంచు ఎక్కడుందో వెతికి, దానికి బయట ఉంగరం గియ్యాలి. ఒక నక్షత్రానికైతే అంచు ఎంత వెతికినా దొరకదు, బొమ్మ చివరిదాకా ధూళే. "ఏం ఊదావురా ముసలోడా!" అని భర్త మాట అరువు తెచ్చుకుని మెచ్చుకునేది ధూళమ్మ. మధ్యలో ఒకరోజు అచ్చయిన పట్టిక చేతికొచ్చింది. రెండో పేరు ఉండాల్సినచోట మూడోవాడి పేరు జరిగొచ్చింది. ఆవిడ ఆ పేజీని కాస్త ఎక్కువసేపే చూసింది. నొప్పి లేదంటే అబద్ధం. తర్వాత దాన్ని మూసి, "ఎక్కడున్నాం మనం?" అని చిన్నదాన్ని అడిగింది.

విడుదల సభ పెద్ద హాల్లో జరిగింది. ఆవిడని పిలవలేదు, రావద్దనీ అనలేదు. చీర ఇస్త్రీ మడత నలగకుండా వచ్చి ముందువరసలో కూర్చుంది. పెద్దసారు చక్కగా మాట్లాడారు. చివర ప్రశ్నలుంటే అడగమన్నారు. హాల్లో లేచిన మొదటి చెయ్యి చాలా కిందినుంచి లేచింది, పొట్టి మనిషి కదా. ఆవిడ లేచి నిలబడింది కూడా.

"దగ్గరి నక్షత్రాల అంకెలు ఎందుకు తక్కువగా ఉన్నాయి సార్?"

పెద్దసారు గొంతు సవరించుకున్నారు. "ఆ విషయం పరిశీలనలో ఉంది."

"ఎవరి పరిశీలనలో?"

మైకు పట్టుకున్న మనిషి ఆవిడ దగ్గరికి రావాలో వద్దో తెలియక నడవలో ఆగిపోయాడు. ఆవిడకి మైకు అవసరమూ లేదు. పక్కన కూర్చున్నాయన మెల్లగా, "కూర్చోండమ్మా, తర్వాత మాట్లాడుకోవచ్చు" అన్నాడు.

"నాకు కాళ్లనొప్పులు లేవండీ" అంది ఆవిడ, తల తిప్పకుండా.

పెద్దసారు ఆవిడ వంక చూశారు. ఇన్ని నెలల్లో నేరుగా చూడటం అదే మొదలు. "మీ పరిశీలనలో" అన్నారు.

"అయితే జవాబు నేనే చెప్తాను" అని ధూళమ్మ మెట్లెక్కింది. ఎవరూ రమ్మనలేదు, ఆపడానికీ ఎవరి చెయ్యీ లేవలేదు. బోర్డు దగ్గర సుద్దముక్క తీసుకుంది. మధ్యలో నక్షత్రం పెట్టింది, చుట్టూ వృత్తం గీసింది. ధూళిని సుద్ద పక్కవాటుగా పెట్టి వెడల్పుగా, బోర్డు అంచుదాకా రుద్దింది. అప్పుడు దానిమీద ఉంగరం గీసి జనం వైపు తిరిగింది.

పెద్దసారు వేదిక దిగిపోలేదు, వెళ్లి కుర్చీలో కూర్చోనూ లేదు. కాస్త పక్కకి మాత్రం జరిగారు, బోర్డు వెనకవరస వాళ్లకి కూడా కనబడేట్టు.